మూడో సెల్లార్‌లో బతుకమ్మ

సద్దుల బతుకమ్మ నాడు పొద్దువాలే వేళకు ఆ గేటెడ్ కమ్యూనిటీలో ఎటు చూసినా పట్టుచీరలే. క్లబ్‌హౌస్ ముందు పచ్చిక మీద డీజే పెట్టారు. బతుకమ్మల్ని వరసగా పేర్చి ఫొటోలు దిగుతున్నారు. పక్కనే పిల్లలు ఈదులాడే రబ్బరు తొట్టిలో నీళ్ళు నింపి పెట్టారు. ఆ నీళ్ళు పొద్దున ట్యాంకర్‌లో వచ్చినవి.

సరోజమ్మ మాత్రం తన బతుకమ్మను నెత్తి మీంచి దించలేదు.

"దించండి అత్తమ్మా, మెడ నొప్పి పుడుతుంది," అంది కోడలు మౌనిక.

"ఏడ దించాలె? గా తొట్లనా? పోయినేడు చూడలేదా, తెల్లారి గౌరమ్మను చెత్తబండిల ఏసిన్రు."

అసోసియేషన్ ప్రెసిడెంటు విశ్వేశ్వరరావు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. ఈ టవర్లు కట్టిన బిల్డరుకు ఆయన భాగస్తుడు. పై అంతస్తు మొత్తం ఆయనదే.

"స్విమ్మింగ్ పూల్‌లో వెయ్యనివ్వలేదని కోపమాండీ సరోజమ్మగారూ? ఫిల్టర్లు పాడైపోతాయండి మరి."

"మీ పూలు మీరే ఉంచుకోండ్రి సారూ. ఈడ కుంట ఉండె గద, అదేమాయె?"

"కుంటెక్కడిదండీ! అంతా పట్టా భూమే. మీ ఎకరం కూడా ఇందులో ఉంది. దానికేగా మీకు ఫ్లాట్లు ఇచ్చింది."

"మా ఎకరం కుంట పక్కకుండె. కుంటల లేకుండె. అయినా కుంట ఎటు పోలే. కిందనే ఊరుతుంది. ఆ నీళ్ళు తోడి మోరీల పోస్తున్రు, మళ్ల ట్యాంకర్లు కొంటున్రు. గిదేం తెలివో నాకైతే సమజైతలేదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వాపుకున్నారు. విశ్వేశ్వరరావు మొహం మాడింది.

"ఆ బెడద కూడా రేపటితో తీరిపోతుందండి. మూడో సెల్లార్‌లో ఊట వచ్చే చోట కాంక్రీటు దింపి మూసేస్తున్నాం."

సరోజమ్మ గొంతు తగ్గించింది. "ముయ్యకుండ్రి సారూ. ఆడ ముగ్గురున్నరు. తవ్వి తియ్యుండ్రి, మట్టి చేద్దాం."

"మళ్ళీ అదే మాటా! వాళ్ళు పని మానేసి ఊరెళ్ళిపోయారండి. పండగపూట ఇవేం మాటలు." ఆయన చేతులు దులుపుకుని, హారతికి పంచె కట్టుకొస్తానంటూ పైకి వెళ్ళిపోయాడు.

పునాదులు తవ్విన ఏడాది పాలమూరు నుంచి కూలికొచ్చారు చెన్నమ్మ, బాలమణి, పెంటమ్మ. సరోజమ్మ ఇంటి వెనకే రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. సద్దుల నాడు పొద్దున్నే తంగేడు, గునుగు తెంపుకొచ్చి ఆమె అరుగు మీద కుప్పపోశారు. "ఒక్క పూట పని చేసొస్తం అక్కా, పొద్దూకంగ కలిసి ఆడుదం," అన్నారు. మధ్యాహ్నం జడివాన పట్టింది. కుంటలో పోసిన మట్టి కట్ట కరిగి, ఆ ముగ్గురూ పని చేస్తున్న గుంతలోకి జారింది. చీకటిపడే లోపే జేసీబీలు ఆ చోటును చదును చేసేశాయి. సరోజమ్మ స్టేషన్‌కు పోయి అడిగితే, "ఏ కాయితంలోనూ పేర్లు లేని మనుషులు ఎట్లా చచ్చిపోతారమ్మా?" అన్నారు. అరుగు మీది పూలు అట్లాగే వాడిపోయాయి. అప్పటినుంచి ప్రతి ఏడూ దేవుడి గూట్లో ఆ ముగ్గురి పేరన దీపం పెడుతూనే ఉంది.

రేపు మూసేస్తారు. ఆ తర్వాత వాళ్ళ జాడ చెప్పడానికి ఆ చెమ్మ కూడా మిగలదు.

సరోజమ్మ బతుకమ్మతో సెల్లార్ ర్యాంపు వైపు నడిచింది. వద్దంటూనే మౌనిక వెంట వెళ్ళింది.

దిగుతున్నకొద్దీ డీజే మోత పలచబడింది. ఎవరైనా కదిలితే వెలిగే దీపాలు వాళ్ళ ముందు ఒక్కొక్కటే వెలిగి, వెనక ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మొదట పెట్రోలు, టైర్ల వాసన. మూడో సెల్లార్‌కు వచ్చేసరికి అది పోయి పచ్చి బురద వాసన, తుంగ కుళ్ళిన వాసన. ఊటనీళ్ళు తోడే మోటరు ఒక్కసారి గర్‌మని ఆగిపోయింది. గోడల వెంట నీళ్ళు జారే చప్పుడు మిగిలింది.

మూలన ఊటగుంత. నల్లటి నీళ్ళు. సరోజమ్మ గట్టు మీద బతుకమ్మను దించి, దీపం వెలిగించి, కళ్ళు మూసుకుంది. "అమ్మా గౌరమ్మా, నీ బిడ్డలను నీల కలుపుకో తల్లీ."

ఇద్దరూ కదలకుండా ఉండేసరికి పైన లైటు ఆరిపోయింది.

దూరంగా ఒక స్తంభం దగ్గర లైటు వెలిగింది.

అక్కడ ఎవరూ లేరు.

అది ఆరింది. దాని పక్కది వెలిగింది. తర్వాత ఇంకొకటి... వాళ్ళ వెనకగా... మళ్ళీ మొదటిది.

చుట్టూ తిరుగుతున్నాయి.

అప్పుడు వినపడ్డాయి చప్పట్లు. మెల్లగా, తాళం తప్పకుండా. తడిచేతుల చప్పట్లు...

"అత్తమ్మా... ఎవరో నడుస్తున్నారు..."

"నడుస్తలేరు బిడ్డా. ఆడుతున్నరు."

"మీకు భయం లేదా?"

"ఎందుకు లేదు. గుండె దడదడ కొట్టుకుంటుంది. గట్లని ఇంటిమనుషుల్ని చూసి మొహం తిప్పుకుంటరా?"

సరోజమ్మ కొంగు దోపుకుంది. చప్పట్లు కలిపి ఒక్కో అడుగూ వేసింది. అటూ ఇటూ చన్నీళ్ళ లాంటి గాలి ఒరుసుకుంది. బురదలో నానిన చీరల వాసన. ఒక చుట్టు తిరిగి వచ్చి, బతుకమ్మను నీళ్ళలో వదిలి, పోయిరమ్మని దండం పెట్టింది.

చప్పట్లు ఆగిపోయాయి.

బతుకమ్మ మెల్లగా వెనక్కి వచ్చి గట్టుకు ఆనింది. ఆమె మళ్ళీ తోసింది. మళ్ళీ వచ్చింది.

చెవి పక్కనే, మన్ను నిండిన గొంతు...

"పోం అక్కా."

మౌనిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సరోజమ్మ ఈసారి బతుకమ్మను తోయలేదు. సాగనంపాలని వచ్చింది. వీళ్ళకు కావలసింది అది కాదు. ఆమె నడుము నిటారుగా అయింది.

"పోకుండ్రి మరి," అంది. "మీరెందుకు పోవాలె? జవాబు చెప్పాల్సినాయన పైన పంచె కట్టుకుంటున్నడు. నడువుండ్రి, అడుగుదాం."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అత్తాకోడళ్ళిద్దరూ ఎక్కారు. వెంటనే బీప్... బీప్... బరువెక్కువైందని ఎర్రలైటు. మౌనిక దిగిపోయింది. బీప్ ఆగలేదు. సరోజమ్మ లోపలికి ఒకసారి చూసి, తనూ దిగింది.

ఖాళీ లిఫ్టు ఇంకా మోగుతూనే ఉంది.

"జర సర్దుకోండ్రమ్మా," అంది సరోజమ్మ.

మోత ఆగింది. తలుపు మూసుకుంది. ఎవరూ నొక్కని బటన్... పై అంతస్తు. అంకెలు ఎక్కుతూ పోయి, చివర ఆగాయి. చాలాసేపు కదల్లేదు. తర్వాత ఎక్కడా ఆగకుండా దిగి వచ్చింది.

తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. పైన లైటు ఆరిపోయింది. స్తంభాల దగ్గర లైట్లు మళ్ళీ ఒక్కొక్కటే వెలగడం మొదలుపెట్టాయి. చప్పట్లు కూడా.

ఈసారి ఆ చప్పట్లలో ఒక జత చేతులు మాత్రం పదేపదే తాళం తప్పుతున్నాయి... ఎన్నడూ బతుకమ్మ ఆడి ఎరగని చేతులు.