షెర్మన్‌లో ఐదుగురు

"గేమ్‌లో ఈ ట్యాంకుని నేనొక్కదాన్నే నడుపుతాను," అంది తూటా.

మ్యూజియం షెడ్డులో మెకానిక్ తాత చేతి గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. ఎదురుగా రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ట్యాంకు, షెర్మన్. మాట పేలిందంటే ఆగదని క్లాసంతా కలిసి ఆ అమ్మాయికి పెట్టిన పేరు తూటా. వెంట ఉన్న నలుగురూ ఆమె స్నేహితులే.

రేపటి స్కూలు పోటీకి ఐదుగురూ కలిసి అట్టతో షెర్మన్ చేశారు. పన్నెండు చక్రాలూ కత్తిరించి అతికించింది ఆ నలుగురిలో ఒకడైన జిగురు. వాడి వేళ్లు ఎప్పుడు చూసినా అంటుకునే ఉంటాయి, అందుకే ఆ పేరు. అయినా పోటీకిచ్చే పేరు కార్డు మీద తూటా తన పేరొక్కటే రాసి టీచర్‌కిచ్చేసింది.

"మరి మా పేర్లు?" అని జిగురు అడిగితే, "గేమ్‌లో స్కోరు నడిపినవాళ్లకే," అని కొట్టిపారేసింది. పొద్దుట్నించీ వాడు మూతి ముడుచుకునే ఉన్నాడు.

"ఒక్కదానివే నడుపుతావా? అయితే ఎక్కమ్మా," అన్నాడు తాత.

తూటా ముందున్న డ్రైవర్ సీట్లోకి దిగింది.

"ఇప్పుడు ఫిరంగిలో గుండు పెట్టు."

వెనక్కి తిరిగింది. ఫిరంగి ఎక్కడో పైన ఉంది. ఎంత సాగినా చెయ్యి అందలేదు.

"గేమ్‌లో దానంతటదే లోడవుతుంది తాతా. తెర మీద చిన్న గీత నిండేదాకా ఆగాలి, అంతే."

తాత నవ్వలేదు. "ఆ గీత ఇక్కడ ఒక మనిషి," అన్నాడు.

మిగతావాళ్లనీ ఎక్కించాడు. దారి చెప్పడానికి పైన ఒకరు. గురి చూడడానికి ఒకరు. డ్రైవర్ పక్కన మెషిన్‌గన్ దగ్గర ఒకరు. మందు తీసేసిన పాత గుండొకటి జిగురు చేతికిచ్చాడు. వాడు రెండు చేతులా ఎత్తినా అది మోకాలు దాటలేదు.

"ఏయ్ తూటా, నీ గీత నా నడుము విరగ్గొడుతోంది."

దిగేటప్పుడు ట్యాంకు పక్కన బోర్డు కనిపించింది. 'బాగుచేసినవారు' అని రెండు పేర్లున్నాయి. రెండోదాని రంగు కొత్తగా ఉంది.

"ఇదెవరిది తాతా?"

"మా తమ్ముడిది. పదకొండేళ్లు ఇద్దరం కలిసి చేశాం. మొదట నా పేరే రాశారు. నేనూ ఊరుకున్నాను. ఇది రాయించేసరికి చూడ్డానికి వాడు లేడు."

తాత గ్రీజు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం తూటా అట్ట ట్యాంకు పైకప్పు విప్పింది. తను పెట్టిన ఒక్క సీటు పక్కన, వెనక, పైన, ఖాళీ అగ్గిపెట్టెలతో మరో నాలుగు సీట్లు అతికించింది.

మర్నాడు నేరుగా టీచర్ దగ్గరికెళ్లింది.

"టీచర్, నా కార్డు తప్పు. అందులో ఐదు పేర్లుండాలి."

"ఒక ప్రాజెక్టుకి ఒక పేరే. రూల్ అందరికీ ఒకటే. మారిస్తే పోటీలోంచి తీసేయాలి."

పోటీలో గెలిచే కప్పు పెట్టడానికి తూటా మూడు వారాలుగా ఇంట్లో అలమర పై అర ఖాళీ చేసి ఉంచింది.

"తీసేయండి టీచర్. షెర్మన్‌ని ఒక్కరు నడపలేరు. మేం చేసినదాన్నీ ఒక్కరు చెయ్యలేదు."

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాను. పోటీలో లేకపోయినా బల్ల మీద పెట్టనివ్వండి."

టీచర్ కార్డు తీసిచ్చి, తలుపు పక్కనున్న చివరి బల్ల చూపించారు.

తూటా తన పేరు కొట్టేసి, ముందు జిగురు పేరు రాసింది. కింద ఇంకో మూడు. జిగురు ఆమె భుజం మీంచి తొంగి చూశాడు.

"పక్కనే 'నడుము విరిగింది' అని కూడా రాయి."

"చోటు లేదు. జరుగు," అంటూ కార్డు అంచున మిగిలిన రవ్వంత చోటులో తన పేరు ఇరికించింది తూటా.