మన్నన కొలత

"రెండు వేల తొంభై ఒకటి, ఆగస్టు పంతొమ్మిది. చోడి అంబలి, ఎండు మెత్తళ్ల వేపుడు, ఒక పచ్చిమిరపకాయ."

కూర్మారావు మూసిన తలుపు ముందు నిలబడి ఈ మాటలు చెప్పాడు. పలుకుగది అతని గొంతును పోల్చుకునేదాకా ఆగాడు. ఉద్యోగంలో చేరిన తేదీ, ఆ పొద్దున తిన్న తిండి, ఇవే అతని తాళంచెవి. మరిచిపోలేని మాట ఏదైనా ఎంచుకోమని ఆనాడు చెప్పారు. అంతకు ముందురోజే ఆస్పత్రి నుంచి వచ్చిన అతని భార్య వరహాలు నాలుగింటికే లేచి అతని కోసం ఆ రాగి అంబలి కాచింది. అతనికి వేరే ఏదీ తోచలేదు. ఆరేళ్లుగా రోజూ చెబుతున్నాడు. ఈ మూడేళ్లుగా ఆ అంబలి సంగతి వినేది ఆ తలుపొక్కటే.

తలుపు తెరుచుకుంది. లోపల ఒక కుర్చీ, ఒక పలక, ఒక పలుకుగొట్టం. కిటికీలోంచి వంశధార సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. కింద ఉన్న పొరలశాల మాత్రం కనిపించదు. అక్కడ ఎనభై నలుగురు మనుషులు ఉప్పునీటిని వడగట్టే పొరగొట్టాలను చేతులతో కడుగుతారు. యంత్రపు చేతులు పొరను చింపేస్తాయి. ఎక్కడ ఎంత ఒత్తాలో మనిషి బొటనవేలికే తెలుసు. మూడు జిల్లాల తాగునీరు ఆ బొటనవేళ్ల మీద ఆధారపడి ఉంది.

పలక మీద ఆ రోజు చీటీలు వెలిగాయి. ఒక్కో చీటీలో ఒక పేరు, ఇవ్వాల్సిన మన్నన ఎంత, ఏ రకం. అప్పలకొండకు రెండు పాళ్లు, ఆరోగ్యం అడగడం. రాములమ్మకు ఒక పాలు, పేరుతో పిలుపు. సిమ్మన్నకు మూడు పాళ్లు, నలుగురూ వినేలా మెప్పు. ఈ నీటి కేంద్రాన్ని నడిపే తూనిక అనే యంత్రం రాత్రంతా వాళ్ల చేతివేగాలు చదువుతుంది. ఏ మనిషికి ఎంత కూలి, ఎంత మన్నన ఇస్తే మర్నాడు ఎక్కువ గొట్టాలు కడుగుతారో తేలుస్తుంది. కూలి అదే ఇస్తుంది. మన్నన ఇవ్వడానికి మొదట్లో యంత్రపు గొంతునే పెట్టారు. రెండు వారాల్లో జనం ఆ గొంతు వినిపించే చెవిపూసలు తీసి నీళ్లతొట్టిలో పడేశారు. అందుకని ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది.

"అప్పలకొండా, మోకాలు ఎలా ఉంది?"

"ఎలాగుంటాది బాబూ, నాకన్నా ముందే ముసిల్దైపోనాది. నువ్వడిగినావని సెప్తాన్లే దానికి."

బదులుకు ఏడు సెకన్లు ఉంటాయి. ఆ తర్వాత చెవిపూస మూసుకుంటుంది.

"సిమ్మన్నా, నిన్న నువ్వు కడిగిన గొట్టాల్లో ఒక్కటి కూడా వెనక్కి రాలేదట."

"ఇన్నారేటి? గొంతుబాబు ఏటన్నాడో అందరూ ఇన్నారేటి?"

"ఇన్నాం గానీ, ఇంటికెల్లి నీ పెళ్లానికి సెప్పుకో. నమ్ముద్దేమో!" వెనక నుంచి ఒక ఆడగొంతు.

ఏడు సెకన్లు అయిపోయాయి. నవ్వు మధ్యలో తెగింది. ఆ శాలలోని నవ్వులన్నీ అతనికి సగం సగమే తెలుసు.

గొంతుబాబు అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు. అతని ముఖం ఎవరూ చూడలేదు. అతనికి మాత్రం ఎవరి నుంచీ మన్నన అందదు. చేరిన రోజు తూనిక ముప్పై ప్రశ్నలు వేసింది. బాగా పని చేయాలంటే మీకు ఏం కావాలి అని ముప్పై విధాలుగా అడిగింది. వరహాలు మందులు తలచుకుని ముప్పైకీ ఒకే జవాబు చెప్పాడు, జీతం అని. కూలిదారి మనిషి, అంటే డబ్బు చాలు, మాట అక్కర్లేదు అని తూనిక రాసుకుంది. ఆ రోజుకు అది నిజమే. జీతం ఏనాడూ ఆలస్యం కాలేదు. ఆమె మరో మూడేళ్లు బతికింది. ఆ మేలు అతను మరిచిపోలేదు. ఆమె పోయాక దారి మార్చుకోవచ్చని తెలుసు. అందుకు, నాతో ఎవరైనా మాట్లాడితే బాగుంటుందని ఒక పత్రంలో రాసి సంతకం పెట్టాలి. రెండుసార్లు పత్రం తెరిచి మూసేశాడు.

అరవై రెండో చీటీ పోలమ్మది. మన్నన సున్న. ఎడం, అంటే పలకరింపు లేకుండా ఉంచడం, పదో రోజు.

ఏమీ మాట్లాడకుండా ఆ చీటీ దాటేయాలి. కానీ మౌనానికి కూడా తూనిక ఏడు సెకన్లూ ఇస్తుంది. ఆ ఏడు సెకన్లు ఆమె చెవిపూస తెరిచే ఉంటుంది. మొదటి రోజుల్లో "ఉన్నావేటి బాబూ?" అని అడిగేది. అయిదో రోజు కోప్పడింది. ఇవాళ పక్కవాళ్లు వినకుండా గొంతు తగ్గించింది.

"నాను ఏటి తప్పు సేసినానో సెప్పీ బాబూ. దిద్దుకుంటాను. పిల్ల సదువు ఈ ఏడుతో అయిపోద్ది. అందాకా ఉంచండి."

కూర్మారావు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెవిపూస మూసుకుంది. చీటీ అడుగున ఆమె పట్టిక ఉంది. ఎడానికి ముందు రోజుకు ముప్పై ఒక్క గొట్టాలు. నిన్న నలభై ఆరు.

పదిన్నరకు పర్యవేక్షకురాలు సునందిని వచ్చింది. ఎప్పటిలాగే కూర్చోలేదు.

"కూర్మారావు గారూ, పోలమ్మ పట్టిక చూశారా? కూలి పదోవంతు పెంచాం, మన్నన తీసేశాం. తొమ్మిది రోజులుగా ఎక్కడమే తప్ప దిగడం లేదు."

"చూశానమ్మా."

"ఇవాళ కూడా నలభై దాటితే పరీక్ష ముగిసినట్టే. రేపటి నుంచి శాల మొత్తం ఎడంలోకి వెళ్తుంది. అందరికీ కూలి పెరుగుతుంది. వాళ్లకీ మంచిదే కదా?"

"మరి ఈ గది?"

"ఉంటుంది. మీరూ ఉంటారు. చీటీలు దాటేయడానికి మనిషి కావాలి కదా. తూనిక మీ జీతం కూడా పెంచింది."

కూర్మారావు మెల్లగా అన్నాడు. "కూలి పెరిగిందని చేయడం లేదమ్మా ఆవిడ. పంపించేస్తారని భయపడి చేస్తోంది."

"మీకెలా తెలుసు?"

"రోజూ అడుగుతోంది కదా."

సునందిని కిటికీలోంచి సముద్రాన్ని చూసింది. "ఎంత వేగంగా చేశారన్నదే తూనికకు తెలుసండీ. ఎందుకు చేశారన్న గడి దాని పట్టికలో లేదు." తలుపు దాకా వెళ్లి ఆగింది. "నా పట్టికలోనూ లేదు."

మధ్యాహ్నానికి పోలమ్మ లెక్క ఇరవై ఎనిమిది. రెండు గంటలకు ముప్పై మూడు. ఆ ముప్పై మూడో గొట్టం పక్కన తూనిక ఒక చిన్న గమనిక పెట్టింది. పొర మీద నెత్తురు మరక. నీటికి హాని లేదు. లెక్కలో చేర్చడమైనది.

కూర్మారావు ఆ గమనిక రెండుసార్లు చదివాడు. ఆమె చెవిపూస తెరవడం అతని చేతిలో లేదు, చీటీ వేళకు తప్ప తెరుచుకోదు. లేచి తలుపు తీశాడు. పలుకుగది మనిషి శాలలోకి వెళ్లకూడదని నియమం ఏదీ లేదు. వెళ్తాడని ఎవరూ అనుకోలేదు, అంతే. ఇనుపమెట్లు నలభై రెండు. ఆరేళ్లలో మొదటిసారి దిగుతున్నాడు.

శాల అతను ఊహించుకున్న దానికంటే చిన్నది, చల్లనిది. తొట్ల వరసల మధ్య మనుషులు వంగి ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు.

"పోలమ్మ ఎవరమ్మా?"

గొంతు వినగానే ఎనభై తలలు ఒక్కసారి లేచాయి.

"ఓలమ్మో, గొంతుబాబు!"

"ఇదేనేటి మొగం?" మోకాలికి గుడ్డ కట్టుకున్న ముసలాయన పరీక్షగా చూశాడు. అప్పలకొండ అయి ఉండాలి. "నాను బుర్రమీసాలనుకున్నాను. ఇంత బక్క మనిసా!"

మూడో వరసలో ఒక ఆడమనిషి మాత్రం తల తిప్పలేదు. యాభై దాటిన మనిషి. రెండు వేళ్లకు చీరచెంగు పేలికలు చుట్టుకుని గొట్టం తోముతూనే ఉంది. అతను ఆమె తొట్టి దగ్గరికి వెళ్లాడు.

"పోలమ్మా, నువ్వు ఏ తప్పూ చేయలేదు."

చేతులు ఆగాయి.

"మాట్లాడకుండా ఉంటే నువ్వెంత చేస్తావో చూడాలని తూనిక పరీక్ష పెట్టింది. నిన్నెవరూ పంపించడం లేదు. మెల్లగా చెయ్యి."

"మరి కూలెందుకు పెంచినారు?" ఆమె ఇంకా అతని వైపు చూడలేదు.

"అది కూడా పరీక్షే."

"మా ముత్తాత కామందుల ఇంట పాలేరుతనం సేసేవోడట. ఇంక రావద్దనే నాడు రెండు కుంచాలు గింజలు ఎక్కువ కొలిసి, మాటాడకండా లోనికెల్లిపోయేవోరట. మా ఇళ్లల్లో ఇప్పుడికీ సెప్పుకుంటారు. సొమ్ము పెరిగి మాట ఆగితే, బట్టలు మూట కట్టుకోమని." ఇప్పుడు తిరిగి చూసింది. "మీ మరకి ఈ సంగతి తెల్దేటి?"

"తెలియదు. నాకూ తెలియదు."

"పది దినాలు పైన కూకుని నా ఏడుపు ఇన్నావు కదా. నోరిప్పితే నీ ముల్లేటి పోద్ది?"

"ఉద్యోగం పోతుందనుకున్నాను."

"మరిప్పుడో?"

"ఇప్పుడూ పోతుంది."

అప్పలకొండ ముందు నవ్వాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోలమ్మ నవ్వలేదు.

"పది దినాలంటే పది దినాలే బాబూ. నాను మర్సిపోను."

"మరిచిపోవద్దు," అన్నాడు కూర్మారావు.

ఎవరో ఒక బకెట్ బోర్లించి అతని వెనక పెట్టారు. అతను కూర్చున్నాడు. రాములమ్మ పోలమ్మ వేళ్ల పేలికలు విప్పి, మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డ చుట్టింది. సిమ్మన్న తన పెళ్లాం కథ మొదటి నుంచి చెప్పాడు. ఏడు సెకన్లకు ఎవరూ ఆపలేదు. ఆ నవ్వు చివర సిమ్మన్నకు దగ్గు వస్తుందని కూర్మారావుకు అప్పుడు తెలిసింది. ఎంతసేపు కూర్చున్నారో ఎవరూ చూసుకోలేదు.

పోలమ్మే ముందు లేచింది. ఆమె తొట్టిలో ఇంకా ఎనిమిది గొట్టాలున్నాయి.

"వదిలేయొచ్చు," అన్నాడు అతను.

"ఉప్పులోంచి తీసిన గొట్టం కడక్కండా వదిలీస్తే పొర ఎండిపోద్ది. తాగేవోళ్లు ఏటి సేసినారు పాపం?" అని గొట్టం చేతిలోకి తీసుకుంది. మెల్లగానే తోమింది.

ఆరు గంటల గంట మోగేసరికి అతను మళ్లీ పలుకుగదిలో ఉన్నాడు. పోలమ్మ లెక్క నలభై ఒకటి. దాని కింద పలక ఒక ప్రశ్న వేసింది. శాలలో మాట వినబడినది. పోలమ్మకు నేడు ఇచ్చిన మన్నన ఎన్ని పాళ్లు? రకం?

సున్న అని రాస్తే పరీక్ష నెగ్గినట్టు. రేపటి నుంచి ఎనభై నలుగురికీ మౌనం. ఏదైనా అంకె రాస్తే తూనిక దాన్ని కొత్త రకంగా నేర్చుకుంటుంది. ఎల్లుండి మెట్లు దిగమని చీటీ వస్తుంది, ఎవరి తొట్టి దగ్గర ఎన్ని నిమిషాలు నిలబడాలో, ఎంత తిట్టించుకోవాలో కూడా రాసి ఉంటుంది. అతను వేలు పలక దాకా తీసుకెళ్లి, వెనక్కి తీసుకున్నాడు. గడి ఖాళీగా ఉంది. పలక మళ్లీ అడిగింది. అంకె లేనిదే ఈ దినము ముగియదు. దినము ముగియనిదే రేపటి చీటీలు ఉండవు.

పనివేళ అయ్యాక గది మూయడం సునందిని పని. ఆమె వచ్చి పలక చదివింది. రెండో కుర్చీ లేకపోవడంతో కిటికీ అంచుకు ఆనుకుంది.

"ఏదో ఒకటి రాసేయండి కూర్మారావు గారూ. ఒకటని రాయండి."

"ఎంతిచ్చానో నాకు తెలియదమ్మా. తిట్లు మాత్రం బాగా తిన్నాను."

ఆమె పెదవుల చివర నవ్వు వచ్చి పోయింది. "రేపు చీటీలు రావు. కూలి ఎంతో, మన్నన ఎంతో ఎవరికీ తెలియదు. పైవాళ్లు మిమ్మల్నొక్కర్నే అడగరు. నన్నూ అడుగుతారు."

"తెలుసమ్మా. అయినా రాయలేను."

"నేను రాయగలను. ఆ అధికారం నాకుంది."

"ఉందమ్మా."

ఆమె కిటికీ వదిలి పలక దగ్గరికి వచ్చింది. గడి వెలిగి ఆరుతోంది. కింద శాల ఖాళీ అవుతున్న చప్పుడు, బకెట్లు సర్దుతున్న చప్పుడు వినిపించాయి. ఆమె చేయి పలకను తాకకుండా దాని ముందు కాసేపు నిలిచింది.

"వాన పడేలా ఉంది," అంది చివరికి. "మీ దగ్గర గొడుగుందా?"

ఈ మాటకు బదులివ్వడానికి ఎన్ని సెకన్లు ఉన్నాయో కూర్మారావుకు తెలియదు.

"లేదమ్మా."

"అయితే బయల్దేరండి. మెట్లు తడిస్తే జారతాయి."

అతను సగం మెట్లు దిగి వెనక్కి చూశాడు. పలక వెలుతురు సునందిని ముఖం మీద పడి, ఆరి, మళ్లీ పడుతోంది. ఆమె ఆ ఖాళీ గడిని ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత బయటికి వచ్చి, గడియ చప్పుడు కాకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగి, ఆ రాత్రికి మూసేసింది.