పై మూల చీకటి

ఆగస్టులో సెవియా ఊళ్లో మధ్యాహ్నం రెండు దాటిందంటే వీధిలో కుక్క కూడా కనపడదు. అందరూ తలుపులు బిడాయించుకుని పడుకుంటారు. లియోకాదియా ఇంట్లో మాత్రం ఆ వేళప్పుడే పని జోరుగా సాగేది. పునీతుల బొమ్మలు వేయడంలో ఆ ఇంటికి పెద్ద పేరు. తండ్రి పోయాక కుంచెలు ఆమె చేతికొచ్చాయి. మొగుడు హినేస్ బొమ్మలకు చట్రాలు చెక్కేవాడు. ఎవరూ దొరకనప్పుడు పునీతుడి వేషం కట్టి ఎదురుగా కూర్చునేవాడు కూడా.

ఈసారి బొమ్మ నది ఒడ్డున ఉన్న సన్యాసుల మఠానిది. వాళ్లలో ఒకాయన సముద్రం అవతల మతం కోసం ప్రాణాలిచ్చి హతసాక్షి అయ్యాడు. ఆయన మోకరించి పరలోకం వైపు చూస్తున్నట్టు వేయాలి.

"నా మొహంలో నీకు భక్తి ఎక్కడ కనపడిందే?" అన్నాడు హినేస్.

"దూలానికి పందితొడ వేలాడదీస్తాను, దాన్నే చూస్తూ కూర్చో. అంతకు మించిన భక్తి నీకు రాదు."

వేలాడదీసింది. చూపు అద్భుతంగా కుదిరింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పైకి చూసే పునీతుణ్ణి వేస్తే, ఆయన చూసే చోట ఏదో ఒకటి వేసి తీరాలి. వెలుగు రేఖ కావచ్చు, పావురం కావచ్చు. ఎత్తిన చూపును ఉత్త చీకటి మీద వదలకూడదు. ఎందుకని తండ్రి ఎప్పుడూ చెప్పలేదు గానీ, చిన్నప్పుడు ఒకసారి ఆమె మరిచిపోతే చెయ్యి చేసుకున్నాడు. ఇప్పుడు చూస్తే పండుగ ఐదు రోజుల్లో ఉంది. వెలుగుకు వాడే పసుపు రంగు ఆరడానికి వారం పడుతుంది. పండుగయ్యాక వేద్దాంలే అనుకుని, పై మూల నల్లగానే వదిలేసి బొమ్మ పంపేసింది.

మర్నాడు హినేస్ మెడ పట్టేసిందన్నాడు. ఆ మర్నాడు కంచం ఎక్కడుందో తడుముకున్నాడు. మూడో నాటికి అతని కనుపాపలు పైరెప్పల కిందికి వెళ్లిపోయాయి. ఎంత ప్రయత్నించినా కిందికి దిగలేదు. వైద్యుడు నరం కోసి కాస్త రక్తం కార్చి, ప్రార్థన చేసుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం హినేస్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"లియో... దూలం దగ్గర ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరయ్యా. అది పందితొడ."

"అది మొన్ననే దించేశావుగా."

ఆమె తలెత్తి చూసింది. దూలం ఖాళీగా ఉంది.

"తలకిందులుగా ఉన్నాడే," గొంతు తగ్గించాడు హినేస్. "నిన్న దూలాన్ని కరుచుకుని ఉన్నాడు. ఇవాళ మూరెడు దిగాడు. వీపే కనపడుతోంది. మొహం ఇటు తిప్పకముందే ఏదో ఒకటి చెయ్యవే..."

తప్పు ఎక్కడ జరిగిందో లియోకాదియాకు తెలుసు. తన మొగుణ్ణి తనే చేజేతులా ఆ నల్ల మూలకు అప్పగించేసింది. రంగులు, కుంచెలు గుడ్డలో చుట్టుకుని మండుటెండలో మఠానికి పరుగెత్తింది.

మఠం గుడిలో గంటలు కొట్టే ముసలి తదేయో నిద్రకళ్లతో తలుపు తీశాడు.

"పండుగ రేపు పెట్టుకుని ఇప్పుడేం పనమ్మాయ్?"

"ఒక మూల మిగిలిపోయింది తాతా."

"తొందరగా కానీ. ఆ బొమ్మ పెట్టినప్పటి నుంచీ అక్కడ కొవ్వొత్తి నిలవట్లేదు." అతను లోపలికి రాలేదు.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎండలోంచి వచ్చిన కళ్లకు ముందు ఏమీ కనపడలేదు. కరిగిన మైనం వాసన, పాత సాంబ్రాణి వాసన, వాటి కింద ఇంకొకటి... అప్పుడే తవ్విన మట్టి వాసన. ఆమె కొవ్వొత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఒక్కో మెట్టూ కిర్రుమంది. సన్యాసి మొహం దాటింది. హినేస్ కళ్లు దాటింది. వాటిని చూడలేకపోయింది.

పై మూల దగ్గర కొవ్వొత్తి ఎత్తింది.

తను వేసింది ఒక్క పూత నలుపు. ఇప్పుడు ఆ నలుపులో ఇంకా నల్లగా ఏదో ఉంది. రెండు పాదాలు పైన. కిందికి వేలాడే జుట్టు. వీపు. అది తన కుంచె పని కాదు. వేలితో తాకింది. తడి. చల్లగా ఉంది.

కొవ్వొత్తి రెపరెపలాడింది. గాలి కాన్వాసు లోంచి వస్తోంది. ఆగి ఆగి... ఊపిరిలా.

ఆమె పసుపు దట్టంగా పులిమింది. నలుపు దాన్ని మింగేసింది. మళ్లీ పులిమింది. తెలుపు కలిపి రెక్కలు వేసింది. దేవదూత మొహానికి ఆలోచించే వ్యవధి లేదు. చేతికి బాగా అలవాటైన మొహం దానంతటదే వచ్చేసింది... ఆరేళ్ల కూతురు కసీల్దాది. బూరెబుగ్గలు, చిన్న గడ్డం. చూపు కిందికి దించి, సన్యాసిని చూసి నవ్వుతున్నట్టు వేసింది. ఆఖరి గీత పడగానే కాన్వాసు లోంచి వచ్చే ఆ ఊపిరి ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి హినేస్ రొట్టె నములుతూ నేరుగా ఆమెనే చూస్తున్నాడు.

"ఏంటే ఆ అవతారం? మొహమంతా పసుపు పూసుకొచ్చావు?"

లియోకాదియా అతని మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రాణం లేచొచ్చింది. పెరట్లో కసీల్దా కోళ్లకు గింజలు వేస్తూ వాటిని పేరుపేరునా తిడుతోంది.

పొద్దు వాలుతుండగా తదేయో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫాదర్లందరూ తెగ మెచ్చుకున్నారమ్మాయ్. దేవదూత మీ పిల్లే కదా, అచ్చు దిగిపోయింది. ఒక్కటే అడిగి రమ్మన్నారు."

"ఏంటి తాతా?"

"కింద సన్యాసిని చూడాల్సిన దేవదూత... అలా మెడ వెనక్కి తిప్పేసి, పై చీకట్లోకి ఎందుకు చూస్తోంది?"

పెరట్లో కసీల్దా గొంతు ఎప్పుడాగిపోయిందో లియోకాదియా గమనించనేలేదు. పిలుస్తూ వెనక తలుపు తీసింది.

పిల్ల కనపడలేదు. గింజలు నేలమీద అలాగే ఉన్నాయి. కోళ్లన్నీ గోడ మూలకు చేరి, ఒకదాని కింద ఒకటి దూరి, నోరెత్తకుండా వణుకుతున్నాయి.