అట్ట మీది అమ్మాయి

మా ప్రెస్సు వెనక సందులో ఒక ఇల్లుంది. పద్నాలుగో నంబరు. చీకటి పడ్డాక ఆ ఇంటి మేడ కిటికీ వైపు ఎవరూ తలెత్తి చూడరు.

ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న ఇల్లది. చూసినవాళ్ళంతా చెప్పేది ఒకటే మాట — ఒక ఆడమనిషి. జుట్టు వదిలేసుకుని, తల వంచుకుని, ఒళ్ళో దేన్నో చూసుకుంటున్నట్టు కూర్చుని ఉంటుంది. కదలదు. గంటలు గంటలు అలాగే. ఎప్పుడైనా తలెత్తిందా... ఇక అంతే.

పక్క మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుందామని వెళ్ళినావిడ, బట్టలక్కడే వదిలేసి మెట్లు దిగొచ్చేసింది. రాత్రి కాపలా ఆయనైతే సందులోకి రావడమే మానేశాడు. మలుపు దగ్గర నిలబడి ఒక్క ఈల ఊది వెళ్ళిపోయేవాడు. అదేమిటయ్యా అంటే — "ఆవిడ మేలుకునే ఉంటుంది కదండీ, ఇంక నేనెందుకు?" అనేవాడు.

నేను ప్రెస్సులో బైండింగు పని చూస్తాను. ఆ కిటికీలో నేనేమీ చూడలేదు. నాకీ సంగతి చెప్పింది అట్టలక్క. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు... అప్పటికైతే కాదు.

అట్టలక్క అని మేం పెట్టిన పేరు. పుస్తకాల అట్టల మీద బొమ్మలు వేస్తుంది. పెద్ద పబ్లిషర్లకి కాదు. పగలంతా ఉద్యోగం చేసుకుని, రాత్రిళ్ళు నవల రాసుకుని, ఎవరూ వెయ్యకపోతే సొంతంగా వందో నూటయాభయ్యో కాపీలు అచ్చేయించుకునే వాళ్ళుంటారే — వాళ్ళకి. ఒక్కొక్కళ్ళు ఎనిమిదిసార్లు మార్పించేవాళ్ళు. పచ్చరంగు బాలేదనేవాళ్ళు, నీలం వేస్తే పచ్చే నయమనేవాళ్ళు. ఆవిడ ఓపిగ్గా మార్చేది. "వాళ్ళ పుస్తకం ఎవరూ చదవరురా తమ్ముడూ. అట్ట మాత్రం ఒక క్షణం చూస్తారు. ఆ క్షణమైనా బాగుండొద్దూ?" అనేది.

ఆవిడ గది సరిగ్గా ఆ పద్నాలుగో నంబరుకి ఎదురుగా, మేడ మీద. సందు ఎంత ఇరుకంటే రెండు కిటికీల మధ్య ఒక మంచం పట్టేంత. కిటికీ ముందే బల్ల, బల్ల మీద దీపం. ఒంటరి మనిషి. రాత్రి రెండింటిదాకా పని చేసేది.

ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారొకాయన ప్రేమ నవల పట్టుకొచ్చాడు. అట్ట మీద నాయిక మొహం ఉండాలన్నాడు. ఎలాంటి మొహమండీ అంటే — "చూడగానే ఎక్కడో చూశామే అనిపించాలి. ఎక్కడో మాత్రం గుర్తు రాకూడదు" అన్నాడు.

అట్టలక్క తల పట్టుకుంది. ఇంటర్నెట్లో కొనుక్కునే ఫోటోలన్నీ వెతికింది. నచ్చిన పిల్ల ఒకతి దొరికింది గానీ, ఆ పిల్ల అప్పటికే రెండు డిటెక్టివ్ నవలల మీదా, ఒక పళ్ళపొడి డబ్బా మీదా ఉంది.

నాలుగో రాత్రి... మెడ నొప్పెట్టి తలెత్తింది.

ఎదురింటి కిటికీలో — మొహం.

మురికి పట్టిన అద్దాల వెనక, చీకట్లో, మసకగా. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయేమో. కింద నుంచి ఏదో వెలుతురు గడ్డం మీద పడుతోంది. కళ్ళు తనవైపే.

అట్టలక్క కెవ్వుమనలేదు. భయం వేసిందట. కానీ నాలుగు రోజుల్నుంచి వెతుకుతున్న మొహం కదా... పెన్సిలు తీసుకుంది. తల వంచి గీసింది. ఎత్తి చూసింది. ఇంకా ఉంది. మళ్ళీ వంచింది.

అలా మూడు రాత్రిళ్ళు గీసింది.

మాస్టారు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మార్చాల్సింది ఏమీ లేదమ్మా" అన్నాడు. మా ప్రెస్సు చరిత్రలో ఒక రచయిత ఆ మాట అనడం అదే మొదలు.

పుస్తకం వచ్చింది. మామూలుగానే అమ్ముడుపోలేదు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం అట్టలక్క గది ముందు ఒక పెద్దాయన నిలబడ్డాడు. గడియారాలు బాగుచేసే ఆయన. లోపలి పేజీలో ఉన్న ఫోన్ నంబరు పట్టుకుని, అడ్రసు కనుక్కుని వచ్చాడు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"అమ్మా... ఈ అమ్మాయిని మీరు ఎక్కడ చూశారు?"

"ఊహించి వేశానండీ" అందామనుకుంది. ఆయన చేతులు చూసి అనలేకపోయింది. అంత సన్నపని చేసే చేతులు — పుస్తకం కింద పడిపోతుందేమో అన్నంతగా వణుకుతున్నాయి.

ఆయన కూతురు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆరేళ్ళ క్రితం టైపు క్లాసుకని వెళ్ళింది, తిరిగి రాలేదు. పోలీసులు, ఆసుపత్రులు, పత్రికల్లో ప్రకటనలు — అన్నీ అయ్యాయి. అప్పట్నుంచీ ఆయన ఎక్కడ మొహాలు కనబడితే అక్కడ ఆగి చూస్తాడు. గోడ మీది పోస్టర్లు, గుంపు ఫోటోలు, పుస్తకాల షాపుల్లో అట్టలు.

"కిటికీలో" అంది అట్టలక్క నెమ్మదిగా. "ఆ ఎదురింటి కిటికీలో."

ఆయన అటు తిరిగి చూశాడు. "పదండి" అన్నాడు.

తాళంచెవి మలుపులో ఉన్న మందుల షాపాయన దగ్గరుంటుంది. ఆయన ఇచ్చాడు గానీ వెంట రానన్నాడు. చీకటి పడింది. అట్టలక్క దీపం ఆర్పకుండానే కిందికి దిగింది.

తలుపు తోస్తే కిర్రుమంది... లోపల తడి సున్నం వాసన. టార్చి వెలుగులో మెట్లు. ఒకటి... రెండు... పన్నెండు. పైన గది తలుపు తీసే ఉంది.

గడియారాలాయన గడప దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మలూ..." అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. "నేనేనే... నాన్నని..."

అట్టలక్క టార్చి కిందికి తిప్పింది. నేల నిండా దుమ్ము — పిండి జల్లెడ పట్టినట్టు, సమంగా, మెత్తగా. ఆ దుమ్ములో ఒక్క అడుగుజాడ లేదు. కిటికీ దాకా... ఒక్కటీ లేదు.

వెనక్కి తిరిగి పారిపోదామనుకుంది. కానీ ఆయన అప్పటికే దుమ్ములో నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడా వెళ్ళింది. కిటికీలోంచి బయటికి చూసింది.

ఎదురుగా తన గది. బల్ల. దీపం. ఖాళీ కుర్చీ.

అప్పుడు వెలిగింది ఆవిడకి.

ఏమీ చెప్పకుండా ఆయన్ని తన గదికి తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చుంది. తల వంచింది. ఎత్తింది. ఎదురింటి అద్దంలో ఆ మొహం తలెత్తింది. చెయ్యి ఎత్తితే చెయ్యి ఎత్తింది. దీపం ఆర్పితే... లేదు. వెలిగిస్తే — ఉంది. ఈసారి వెనకాల గడియారాలాయన మొహం కూడా ఉంది.

"నేనేనండీ" అంది. "అది నా నీడ."

ఆ మురికి అద్దం, కింది నుంచి పడే దీపం వెలుతురు కలిసి ఆవిడ వయసు సగానికి తగ్గించేశాయి. తన మొహమే తను గుర్తుపట్టలేదు. ఆవిడ ఆ గదిలో దిగిన ఏడాదే ఎదురింటికి దెయ్యాల కొంప అని పేరొచ్చింది. సందంతా హడలి చచ్చింది ఎవరిని చూసో కాదు — రాత్రి రెండింటిదాకా ఎవరూ చదవని పుస్తకాలకి అట్టలు వేసుకునే అట్టలక్కని చూసి.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వేసింది కూడా. ఆయన్ని చూసి ఆపుకుంది.

గడియారాలాయన పుస్తకం బల్ల మీద పెట్టాడు. అట్ట కనబడకుండా బోర్లా తిప్పి పెట్టాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్కటి అడుగుతాను, తప్పయితే క్షమించమ్మా. మా ఆవిడ మంచం మీద ఉంది. చూపు సరిగా ఆనదు. ఈ అట్ట చూపించి, దొరికిందే అని చెప్పేశాను. ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటావా? ఏమీ మాట్లాడక్కర్లేదు."

మర్నాడు అట్టలక్క వెళ్ళింది. వెళ్ళకుండా ఉండాల్సిందని తర్వాత నాతో చాలాసార్లు అంది.

చిన్న ఇల్లు. ముందు గదిలో గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము. వెనక గదిలో మంచం. మంచం మీద ఎముకల గూడులా ఒకావిడ. అట్టలక్క పక్కన కూర్చుంది. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి చెంప తాకింది, నుదురు తాకింది, వేళ్ళు పట్టుకుంది.

"వచ్చావా తల్లీ" అంది. "తిన్నావా?"

అట్టలక్క తలూపింది.

గడియారాలాయన గుమ్మంలో నిలబడి భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. "టీ పెట్టుకొస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు దూరమవగానే ఆవిడ పట్టు బిగిసింది. అంత నీరసంలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో...

"నువ్వెవరో నాకు తెలీదమ్మా. మా అమ్మాయివి మాత్రం కాదు" అంది గుసగుసగా. "అది పోయింది."

అట్టలక్క వంటింటి వైపు చూసింది.

"అది కనబడకుండా పోయిన నాలుగో నెలలో కబురొచ్చింది. ఈయన అప్పుడు దాన్ని వెతుక్కుంటూ ఎక్కడో ఉన్నాడు. నేనొక్కదాన్నే వెళ్ళాను. కాలవలో దొరికిందన్నారు. మొహం... మొహం అనడానికి ఏమీ లేదు. చొక్కా చూపించారు. గుండీలు నేను కుట్టినట్టే ఉన్నాయి. సంతకం పెట్టేశాను. అక్కడే అన్నీ అయిపోయాయి."

"ఆయనకి...?"

"చెప్పలేదు. చెప్తే ఆ రాత్రే పోతాడు. వెతుకుతున్నాడు గనక లేస్తున్నాడు, తింటున్నాడు. ఆరేళ్ళు అలా లాక్కొచ్చాను. ఇంక నా వల్ల కాదు. నాకెన్నో రోజుల్లేవు."

దిండు కింద నుంచి ఒక ఫోటో తీసి అట్టలక్క అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసేసింది.

"అట్టలు వేస్తావని ఆయనే చెప్పాడు. ఏడాదికొక్కసారి దీన్ని వెయ్యమ్మా. ఒక్కో ఏడు పెంచి వెయ్యి. వెనకాల ఏదో ఒక ఊరు వెయ్యి. నీ పేరు మాత్రం పెట్టకు. ఆయన చూస్తాడు. చూస్తే... బయల్దేరతాడు."

అంతసేపూ ఏ అలికిడీ లేని వంటింట్లో అప్పుడు గ్లాసుల చప్పుడైంది. ఆవిడ చెయ్యి వదిలేసింది.

తొమ్మిది రోజులకి ఆవిడ పోయింది.

అట్టలక్క ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. ఫోటో మాత్రం తెచ్చుకుంది. ఎనిమిది నెలలు సొరుగులో పెట్టి తాళం వేసింది. ఒకరోజు దారిలో గడియారాలాయన కనబడ్డాడట — షాపు మూసేసి, గడ్డం పెరిగి, ఏ గోడ వైపూ చూడకుండా, నేల చూపులు చూసుకుంటూ పోతున్నాడట. ఆ రాత్రి సొరుగు తీసింది.

ఒక నర్సు రాసుకున్న నవల చేతిలో ఉంది. అట్ట మీద పడవల రేవు వేసింది. రేవు మెట్ల మీద, మనవైపు సగం తిరిగి, పాతికేళ్ళ పైబడిన ఒక అమ్మాయిని వేసింది. రంగులు చూసుకోవడానికి ప్రెస్సుకొచ్చి, "వెనక అట్ట మీద నా పేరు తీసెయ్యిరా" అంది. ఎందుకక్కా అంటే, అప్పుడు చెప్పింది ఇదంతా. చెబుతున్నంతసేపూ తడి ఆరని ఆ అట్ట వైపు చూడలేదు.

పుస్తకాలు షాపుకెళ్ళిన మూడో రోజున గడియారాలాయన మా కౌంటరు దగ్గరికొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. భుజాన సంచి ఉంది.

"బాబూ, ఈ బొమ్మ ఎక్కడ చూసి వేశారో తెలుసా?"

నిజం నాలిక చివర దాకా వచ్చింది. ఆయన కళ్ళు చూశాను.

నోటికొచ్చిన ఊరి పేరు ఒకటి చెప్పాను. రేవున్న ఊరే. నేనెప్పుడూ వెళ్ళింది లేదు. "ఎవరో ఫోటో తీసి పంపారటండీ" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

పదిహేను రోజులు గడిచాయి. ప్రెస్సు మూసే వేళకి, మిషన్లన్నీ ఆపేశాక, ఎవరో వచ్చిన అలికిడైతే తలెత్తాను. ఆయనే. చెప్పులు అరిగిపోయాయి, మొహం నల్లబడింది. కానీ నవ్వుతున్నాడు.

"ఉందయ్యా" అన్నాడు. "రేవులో టిక్కెట్లిచ్చే మనిషి అట్ట చూడగానే గుర్తుపట్టాడు. మొన్నమొన్నటిదాకా అక్కడే ఉందట. రోజూ పొద్దున పడవకి వెళ్ళేదట. నేను వెళ్ళేసరికి రెండు రోజులైంది వెళ్ళిపోయి."

నా చేతిలో కాగితాల దొంతర జారిపోయింది. నేను కల్పించి చెప్పిన ఊరు... కాలవలో దొరికిన మొహం లేని పిల్ల... గుండీలు...

ఆయన వంగి కాగితాలన్నీ ఏరి, అంచులు సరిచేసి, బల్ల మీద పెట్టాడు. చాలా మెల్లిగా అన్నాడు —

"కళ్ళజోడు పెట్టుకుంటోందట ఇప్పుడు. మీ అక్కకి చెప్పు బాబూ... వచ్చే ఏడు వేసేటప్పుడు కళ్ళజోడు మర్చిపోవద్దని."