వరహాలమ్మ సంజాయిషీ

భోజనాల గంట మోగినా ఆరోజు ‘నాగావళి’ నౌకలో ఒక్కరూ బల్ల దగ్గరికి రాలేదు. ఇల్లు ఏడేళ్ల దూరంలో ఉన్నా అందరూ అప్పుడే పెట్టెలు సర్దుకుంటున్నారు. పొద్దున్నే భూమి నుంచి ఆజ్ఞ వచ్చింది: “అణుకుంపటి చల్లారుతోంది. యురేనస్‌ను చుట్టి వెనక్కి వచ్చేయండి.”

సూర్యుడు చుక్కంత అయిపోయే ఆ దూరంలో దీపమైనా, ఊపిరైనా, వేడినీళ్లైనా ఆ కుంపటి చలవే. అదొక ప్లుటోనియం ముద్ద. ఎవరూ రాజేయక్కర్లేదు, ఎనభై ఏళ్లు దానంతటదే కాగుతూ ఉంటుంది.

దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు వరహాలమ్మకు మాత్రం మనసు కుదురుగా లేదు. కుంపటికి ఏ జబ్బూ లేదని ఆమెకు తెలుసు. నెల రోజులుగా మధ్యాహ్నం పూట దాని వేడి గొట్టాల మీద ఆమె మినప వడియాలు ఎండబెడుతోంది. ఏడేళ్లు పొట్లాల తిండి తిన్న నోరు మరి! తడిపిండి వేడిని లాగేస్తుంటే, గొట్టాలకున్న ‘తాపసాక్షి’ ఆ తగ్గుదలను పొల్లు పోకుండా భూమికి చేరవేసింది.

కమాండర్ జోగినాయుడు కూనిరాగం తీస్తూ ఎదురొచ్చాడు. “ఇంటికెళ్లిపోతన్నామమ్మా! వంశధారలో మునకేస్తాను సూడు!”

“సార్, కుంపటి నిజంగా చెడిపోతే కదా...”

“సెడిపోనాదని ఆళ్లే సెప్పినారు. మనకెందుకు?”

ఊరుకుందామనే అనుకుంది. కానీ ఇదే రకం కుంపట్లతో మరో ఆరు నౌకలు బయల్దేరబోతున్నాయి. దీనికి చెడ్డపేరొస్తే అవన్నీ నేలమీదే తుప్పు పడతాయి. మాట భూమికి చేరడానికి మూడు గంటలు, జవాబుకు మరో మూడు. నౌక మళ్లడానికి ఏడు గంటలే ఉంది. కళ్లు మూసుకుని సందేశం పంపేసింది: “తప్పు కుంపటిది కాదు. దాని మీద వడియాలు పెట్టాను. క్షమించండి.”

ఆరు గంటల తర్వాత జవాబొచ్చింది: “ఆజ్ఞ రద్దు. ముందుకే సాగండి. వడియం అనే పరికరం పనితీరు వివరించండి.”

జోగినాయుడు తన పెట్టె మీదే కూలబడ్డాడు. “ఒక్కపూట నోరు మూసుకోలేకపోనావా తల్లీ! ఇల్లు ఇంకో తొమ్మిదేళ్లు ఎనక్కెళ్లిపోనాది!”

మిగతావాళ్లు మొహం తిప్పుకున్నారు. వరహాలమ్మ గదిలోకి వెళ్లిపోయింది. ఆమెను కడిగిపారేద్దామని వెనకే వచ్చింది డాక్టరు మస్తాన్‌బీ.

“ఏందమ్మా, నీకు ఇల్లూ వాకిలీ లేవా? పోవాలని లేదా నీకు?”

వరహాలమ్మ నిండుగా సర్దిన పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

“ఇదెప్పుడు సర్దావ్?”

“ఆజ్ఞ వచ్చిన అయిదు నిమిషాలకి. అందరికంటే ముందు నేనే.”

మస్తాన్‌బీ తిట్లు మింగేసి, పక్కన కూర్చుని, చీర రెండో కొస పట్టుకుంది.