కాగితంలో లేని మాట

డెలియా మొదటిరోజే నాతో పోట్లాడింది.

నాటకం ఆటకి అరగంట ముందు తలుపు దగ్గరి కాగితం మీద నటులంతా సంతకం పెట్టాలి. బ్రాడ్‌వే నాటకశాలల్లో ఎంత పెద్ద నటికైనా అదే రూలు. ఆమె నాలుగు నిమిషాలు ఆలస్యంగా, వానలో తడిసి ముద్దయి వచ్చింది. అప్పటికే నేను ఆమె బదులు వేసే నటికి ఆమె గౌను వేయించేశాను.

"నాలుగు నిమిషాలకే పీకేస్తావా? టీవీలో మూడేళ్ళు నర్సు వేషం వేశాను. ఒక్కడూ ఇలా చెయ్యలేదు!"

"ఇక్కడ రీటేకులుండవు మేడమ్. నేను స్టేజ్ మేనేజర్ని, పేరు వెండెల్."

"నీ పేరెవడిక్కావాలయ్యా!"

మర్నాడు ఇరవై నిమిషాలు ముందే వచ్చింది. నా బల్ల మీద కాఫీ పెట్టి పోయింది. అక్కడ మునిగాను నేను.

ఎనిమిది నెలలు గడిచాయి. డెలియాకి ఒకచోట కాలు నిలవదు. టీవీలో ఉన్నన్నాళ్ళూ స్టేజీ కావాలని కొట్టుకుందట. స్టేజీ ఎక్కాక కెమెరా కావాలంటుంది. నాకేమో ఆమె కనబడకపోతే కాలు నిలవదు. ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం లేదు.

ఒక బుధవారం, మధ్యాహ్నం ఆటకీ సాయంత్రం ఆటకీ మధ్య, నన్ను మేకప్ గదిలోకి లాక్కెళ్ళింది.

"లాస్ ఏంజెలెస్‌లో సీరియల్. పెద్ద పాత్ర! ఆరింటికల్లా ఆడిషన్ వీడియో పంపాలి. కెమెరా వెనక కూర్చుని అవతలివాడి డైలాగులు చదువు. నటించకు బాబూ, సరుకుల చీటీ చదివినట్టు చదివితే చాలు."

"నటించడం నాకొస్తే కదా!"

ఆ పాత్ర వస్తే ఆమె వెళ్ళిపోతుంది. అయినా కాగితం పట్టుకున్నాను.

సీన్‌లో భార్య ఇల్లు వదిలి వెళ్తోంది. భర్త, "నాకేం బాధ లేదు, వెళ్ళు" అనాలి. మూడు టేకులు బుద్ధిగా చదివాను. నాలుగోసారి తలెత్తి ఆమెని చూశాను. అదే నేను చేసిన తప్పు.

"నాకు బాధగా ఉంది. వెళ్ళకు," అనేశాను.

డెలియా ఆగిపోయింది. కళ్ళు నిండాయి. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆ కళ్ళతోనే తన డైలాగు అంది: "తాళాలు బల్ల మీద పెట్టాను."

కెమెరా ఆపి నావైపు చూసింది. "కాగితంలో అలా ఎక్కడుంది వెండెల్?"

"సారీ. నోరు జారింది."

"ఓహో, జారిందా!" అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు నరకం. నేను కనబడితే "స్టేజ్ మేనేజర్ గారూ, నమస్కారం" అనేది. పిరికివెధవని నేను, రాత్రంతా మంచం మీద దొర్లేవాణ్ణి.

పదో రోజు మధ్యాహ్నం, ఖాళీ స్టేజీ మీద నేను కుర్చీలు సర్దుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"పాత్ర నాకే ఇచ్చారు. ఏ టేకు చూసో తెలుసా? నాలుగోది."

"అది పంపావా! అందులో లైన్ తప్పు కదా!"

"అదొక్కటే పంపాను. అందులో నేను నటించలేదు గనక. ఇప్పుడు చెప్పు, నోరు జారిందా?"

తప్పించుకోవడానికి దారి లేదు. నాకూ తప్పించుకోవాలని లేదు.

"లేదు. నువ్వంటే నాకు ప్రాణం డెలియా. అయినా సరే వెళ్ళు. ఆ పాత్ర ఇంకెవరైనా వేస్తే నేను టీవీ పగలగొడతాను."

నవ్వింది, ఏడ్చింది, నా భుజం మీద ఒక్కటి వేసింది. "ఏడాదికి ఐదు నెలలు అక్కడే ఉండాలయ్యా. నువ్వు చూస్తే ఈ థియేటర్ గుమ్మం దాటవు."

"సోమవారం మనకి సెలవు కదా. ఆదివారం ఆట అవగానే విమానం ఎక్కుతాను."

"ప్రతి వారమా? పిచ్చా నీకు? మంగళవారం ఆట టైముకి అందుకోలేకపోతే?"

పదకొండేళ్ళుగా ఈ థియేటర్లో ఒక్క ఆటా నేను లేకుండా మొదలవలేదు.

"నేను లేకుండానే మొదలుపెట్టుకుంటారు," అన్నాను.