ఒకే ఎత్తు నీడలు

విశాఖలో పొద్దు ఎనిమిది దాటితే ఆటస్థలాలకు తాళాలు పడతాయి. 2083లో ఆ ఎండలో ఎవరూ ఆడరు, ఆడతామన్నా ఆడనివ్వరు. అందుకని ఫుట్‌బాల్ మీద ఆశ ఉన్నవాళ్ళంతా చీకటి విడకముందే లేచి, సముద్రపు గోడ పక్కనుంచి నడిచే మొదటి ట్రాలీ పట్టుకుంటారు. పైడిరాజు చాలా ఏళ్ళుగా ఆ ట్రాలీలో నిలబడి కునుకు తీయడం నేర్చుకున్నాడు. రాత్రంతా ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో జల్లెడలు కడిగి, అటునుంచి అటే ఆటకు వెళ్ళేవాడు. కాళ్ళు నడిచేవి గానీ మనిషి ఎప్పుడూ సగం నిద్రలోనే ఉండేవాడు.

అతనికి ఇరవై ఏడేళ్ళు. ఆ వయసు దాటితే లీగు జట్లు కొత్తవాళ్ళను తీసుకోవు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అతని బతుకులో చిక్కంతా ఆ ఎత్తు దగ్గరే వచ్చింది.

ప్రతి జట్టు మైదానం గేటు దగ్గరా దేహగణని అనే యంత్రం ఉండేది. దానిమీద నిలబడితే చాలు, ఎముకల బరువు, కండరాల పొడవు కొలిచి, ఈ శరీరం ఒక సీజన్‌లో ఎన్ని ఢీలు తట్టుకుంటుందో లెక్కగట్టేది. తట్టుకుంటుందనుకుంటే పచ్చ దీపం, లేదంటే ఎర్ర దీపం. పైడిరాజు ఎక్కిన ప్రతిసారీ ఎర్ర దీపమే వెలిగింది. ఏ సెలక్షన్‌లోనూ అతను బంతిని తాకనేలేదు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత సిగ్గేసేది. ఇప్పుడైతే దీపం వెలగకముందే సంచీ భుజాన వేసుకునేవాడు.

బిడ్డిక సుక్రు అతనికి అలాంటి ఒక ఎర్ర దీపం దగ్గరే పరిచయమయ్యాడు. సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర కుర్రాడు. పైడిరాజు కంటే ఒక అంగుళం పొట్టి. ఆ రోజు ఇద్దరూ బయట బండి దగ్గర ఇడ్లీ తిని, సాయంత్రానికల్లా ఒకే గదిలో అద్దెకు దిగారు. వార్డుల మధ్య జరిగే పోటీల్లో ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు ఆడేవారు. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. సెలక్షన్ చేసేవాళ్ళు మాత్రం అలాంటి పోటీలకు రారు.

ఆ ఏడాది లీగు పట్టికలో అట్టడుగున ఉన్న తూర్పుతీరం జట్టు, దేహగణనిని పక్కనపెట్టి ఒక కొత్త ప్రయోగానికి ఒప్పుకుంది. డాక్టర్ వకుళ అనే శాస్త్రవేత్త తయారుచేసిన సమరూపిణి అనే పరికరంతో ఆ ప్రయోగం. ఆమె అంతకుముందు కృత్రిమ అవయవాలు పెట్టుకున్నవారి నడక మీద పరిశోధన చేసింది. దేహగణని ఎముకలను కొలుస్తుందే తప్ప ఆటను కొలవదని లీగు సమావేశంలో వాదించి వాదించి, చివరికి సమరూపిణిని తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది.

అది పనిచేసే పద్ధతి చెప్పడానికి తేలికే. ఆటగాడి ఒంటిమీద గోరంత సెన్సర్లు అతికిస్తారు. అవి ప్రతి కదలికనూ కంప్యూటర్‌కు పంపుతాయి. కంప్యూటర్ ఆ కదలికను తీసుకుని, అందరికీ ఒకే కొలత ఉన్న బూడిదరంగు ఆకారానికి తొడుగుతుంది. సెలక్షన్ చేసేవాళ్ళు కళ్ళకు అద్దాలు పెట్టుకుంటారు. ఆ అద్దాల్లో మొహాలు కనబడవు, రంగులు కనబడవు, ఎత్తులు కనబడవు. పొట్టివాడి చిన్న అంగలు సైతం సగటు అంగలుగా సాగిపోతాయి. ఒకే ఎత్తు నీడలు ఒకే బంతి వెంట పరిగెడుతుంటాయి.

“ఇందులో పొట్టోడెవడో మీకైనా తెలుస్తాదా మేడమ్?” అని పైడిరాజు సెన్సర్లు అతికించుకుంటూ అడిగాడు.

“నాక్కూడా తెలియకూడదనే కదండీ ఇంత కష్టపడింది,” అందామె.

ఆ ఉదయం పైడిరాజు జీవితంలో మొదటిసారి లీగు మైదానం గడ్డి మీద ఆడాడు. గొప్పగా ఆడానని అనిపించలేదు. ఒళ్ళు అలసిపోయి ఉంది, మోకాలు పట్టేసింది. అయినా బంతి దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఏం చేయాలో కాళ్ళకు తెలిసింది. సుక్రు అవతలి జట్టులో ఆడాడు. వడపోతలు జరిగి జరిగి చివరికి పద్దెనిమిది మంది మిగిలారు. వాళ్ళలో ఇద్దరూ ఉన్నారు, వాళ్ళలాంటి పొట్టివాళ్ళు మరో నలుగురు కూడా ఉన్నారు. జట్టులో ఉన్న ఖాళీలు మాత్రం అయిదు.

ఆఖరి మెట్టు డాక్టర్ వకుళ ఆలోచనే. పక్కన నిలబడి ఆడేవాడికి తెలిసినంత కోచ్‌కు తెలియదని ఆమె నమ్మకం. అందుకని కోచ్‌ల మార్కులకు తోడు, ఆ పద్దెనిమిది మందీ అద్దాలు పెట్టుకుని మిగతావాళ్ళ ఆట రికార్డింగు చూడాలి. ఎవరి నీడ వాళ్ళకు చూపించరు. ఒక్కో నీడ ఆట చూశాక, ఇతనితో కలిసి ఆడతావా అంటే అవుననో కాదనో మీట నొక్కాలి. ఒక్కో అవునుకు ఒక్కో మార్కు కలుస్తుంది.

పైడిరాజు అద్దాలు పెట్టుకున్నాడు. నీడలు వచ్చాయి, పోయాయి. కొన్ని బాగా ఆడాయి, కొన్ని గాభరా పడ్డాయి. తర్వాత ఒక నీడ వచ్చింది. బంతి మీద దాని పట్టు చక్కగా ఉంది, పాసు కొలిచినట్టు పడుతోంది. కానీ బంతి కాలికి అందేలోపు ఆ నీడ ప్రతిసారీ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తోంది, ఎవరో బరువైన మనిషి మీదికి వస్తున్నట్టు. కింద పడితే అందరికంటే ముందు లేస్తోంది, రిఫరీ వైపు చూడకుండానే వెళ్ళిపోతోంది.

ఆ చూపు పైడిరాజుకు తెలిసిందే. చిన్నప్పటినుంచి తోయించుకున్నవాడు తప్ప ఇంకెవడూ అలా చూడడు. లీగులో డిఫెండర్లు ఆ చూపును పది నిమిషాల్లో పసిగట్టి వీణ్ణి నలిపేస్తారు అనుకున్నాడు. తన పక్కన గట్టివాడు కావాలి, తోస్తే పడనివాడు కావాలి. ఎవరని తనను తాను అడగకముందే వేలు ‘కాదు’ అనే మీటను నొక్కింది. ఆ తర్వాత అలాంటివే మరో రెండు మూడు నీడలు వచ్చాయి. వాటికీ కాదనే నొక్కాడు.

ఫలితాలు మర్నాడే వచ్చాయి. పైడిరాజుకు జట్టులో చోటు దొరికింది. సుక్రుకు ఒక్క మార్కు తేడాతో పోయింది.

ఎగిరి గంతేయాల్సిన రోజున పైడిరాజుకు నిద్ర ముంచుకొచ్చింది. పిలిచారని డాక్టర్ వకుళ గదికి వెళ్ళాడు. ఆమె కూడా సరిగా నిద్రపోయినట్టు లేదు. తెరమీద గీతలు చూపించి, కోచ్‌ల మార్కులకూ ఎత్తుకూ ఎక్కడా సంబంధం లేదని చెప్పింది. పొడుగు ఆటగాళ్ళ మార్కుల్లోనూ అంతే. పొట్టివాడెవడో వాళ్ళెవరూ కనుక్కోలేకపోయారు.

“మీ ఆరుగురే కనుక్కున్నారు. కనుక్కుని దాదాపు ప్రతి పొట్టివాడికీ కాదనే కొట్టారు. ఎలా తెలిసిందండీ మీకు?”

 పైడిరాజు భుజం మీదుగా చూసే ఆ చూపు గురించి చెప్పాడు. తనకూ ఆ అలవాటుందని, అది ఎక్కణ్ణుంచి వస్తుందో తనకు తెలుసని చెప్పాడు. ఆ చూపును కూడా అద్దాల్లో చెరిపెయ్యడం కుదరదా అని అడిగాడు.

“చెరిపేస్తే మీ ఆటే పోతుంది. వెనక ఎవరున్నారో ముందే చూస్తారు కాబట్టే మీ పాసు అంత వేగంగా పడుతోంది. కోచ్‌లు, పొడుగువాళ్ళు మీకు మార్కులు వేసింది దానికే. చుట్టూ చూసి ఆడే తెలివి ఉందని రాశారు.” ఆమె తెర ఆపేసింది. “మిమ్మల్ని చిన్నచూపు చూసేవాళ్ళ కళ్ళకు గంతలు కట్టాలనుకున్నాను. మీ నుంచి మిమ్మల్ని దాచాల్సి వస్తుందని నాకు తట్టలేదు.”

పైడిరాజు బయటికొచ్చేసరికి ఎండ ముదిరి, మైదానం గేటుకు తాళం పడింది. సుక్రు ట్రాలీ స్టాపులో నీడపట్టున బూట్లు విప్పుకుని కూర్చున్నాడు. పైడిరాజు పక్కన కూలబడ్డాడు. అబద్ధం చెప్పే ఓపిక అతనికి లేదు. డాక్టర్ చెప్పిందంతా వరసగా చెప్పి, “నీకు తగ్గిన ఆ ఒక్కటీ నాదేరా,” అన్నాడు.

సుక్రు బూట్లలోని ఇసుక దులిపాడు.

“నానని పోల్చుకున్నావా?”

ఆ నీడ ఎవరిదని ఆ క్షణంలో తనను తాను అడగలేదని చెప్పొచ్చు. అది నిజమే. కానీ అడక్కపోవడానికి కారణమేమిటో పైడిరాజుకు ఇప్పుడు తెలుసు.

“పోల్చుకున్నాను.”

“నానూ పోల్చుకున్నాను నిన్ను. నీ నీడ రాగానే తెలిసిపోనాది.” సుక్రు గొంతులో హెచ్చుతగ్గులేం లేవు. “నానూ కాదనే నొక్కినాను. నీకు మిగతావోళ్ళు ఎక్కువేసినారు గాబట్టి నా దెబ్బ తగల్నేదు. అంతే తేడా.”

ట్రాలీ వచ్చింది. ఇద్దరూ లేవలేదు. అది తలుపులు తెరిచి, కాసేపు ఆగి, మూసుకుని వెళ్ళిపోయింది. ఎదురుగా సముద్రపు గోడ మీద ఎండ తెల్లగా కాస్తోంది.

“రేపు పెందలాడే రమ్మన్నారా?” అని సుక్రు అడిగాడు.

“రమ్మన్నారు.”

“బంతి వచ్చేముందు యెనక్కి చూడ్డం మానకు. ఆళ్ళకది నచ్చినాదంట గదా.”

అది ప్రేమతో అన్న మాటో, కడుపుమంటతో అన్న మాటో తెలుసుకుందామని పైడిరాజు అతని మొహంలోకి చూశాడు. సుక్రు అప్పటికే బూట్లు తలకింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.